పాలమూరు ఆయిల్ ఇంజన్: వాల్వు మరమ్మతు చెప్పే సాంఘిక చరిత్ర

వ్యాస సంగ్రహం:
గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల వ్యవసాయ చరిత్ర ఎక్కువగా కరువు, వలస, నీటి ప్రాజెక్టుల చుట్టూ సాగింది. మోటకూ విద్యుత్ మోటరుకూ మధ్య కొన్ని దశాబ్దాలపాటు బావి గట్టున పనిచేసిన ఆయిల్ ఇంజన్‌కు అందులో తగిన చోటు దక్కలేదు. ఆ యంత్రం చరిత్రను దాని కొనుగోలు నుంచి కాక దాని మరమ్మతు నుంచి చూడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇంజన్‌లో తరచుగా ఎదురయ్యే వాల్వు వైఫల్యాన్ని ఉదాహరణగా తీసుకొని, దాన్ని పరిశీలించి సరిచేసే క్రమాన్ని, ఆ పనిలో పుట్టిన భాషను, మరమ్మతు ఊరి నుంచి పట్టణానికి మారిన తీరును, భూగర్భజలం తగ్గడంతో ఆయిల్ ఇంజన్ వెనుకబడిన కారణాన్ని వివరిస్తుంది.

కీలక పదాలు: పాలమూరు, ఆయిల్ ఇంజన్, వాల్వు, మరమ్మతు, మోట, వృత్తి పదజాలం, సాంఘిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:
గద్వాల ప్రాంతంలోని ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ప్రచురించారు. రాజుల వంశావళిని పక్కనపెట్టి ప్రజల తిండి, బట్ట, ఆట, వృత్తి, నమ్మకాలను చరిత్రకు ఆధారాలుగా స్వీకరించిన గ్రంథం అది. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం తెచ్చిపెట్టింది కూడా అదే. 1952 ఎన్నికల్లో ఆయన వనపర్తి నుంచి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. ఆయన చూపిన మార్గంలో తరవాతి కాలానికి వస్తే, ఆయన సొంత గడ్డ మీద సామాన్యుని జీవితాన్ని మార్చిన వస్తువులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. అలాంటి వస్తువుల్లో ఆయిల్ ఇంజన్ ఒకటి.

యంత్రాల చరిత్ర రచనలో ఇటీవల వచ్చిన మార్పు కూడా ఇందుకు తోడ్పడుతుంది. డేవిడ్ ఎడ్జర్టన్ 'ద షాక్ ఆఫ్ ది ఓల్డ్' గ్రంథంలో, యంత్రం ఎప్పుడు కనిపెట్టబడిందన్న దానికంటే అది ఎంతకాలం, ఎవరి చేతుల్లో, ఎలా వాడుకలో నిలిచిందన్నది ముఖ్యమని వాదించారు. డేవిడ్ ఆర్నాల్డ్ 'ఎవ్రీడే టెక్నాలజీ' (2013) గ్రంథంలో కుట్టు మిషను, సైకిలు, టైప్‌రైటరు, బియ్యం మిల్లు వంటి చిన్న యంత్రాల ద్వారా భారతీయ ఆధునికతను పరిశీలించారు. ఈ రెండు దృష్టులను పాలమూరు బావి గట్టుకు అన్వయించడం ప్రస్తుత వ్యాస ఉద్దేశం.

2. పరిధి, ఆధారాలు:
2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డ, పూర్వపు వనపర్తి సంస్థాన ప్రాంతం, నల్లమల అంచు దాకా విస్తరించిన నాగర్‌కర్నూల్ ఈ వ్యాస పరిధి. నదులు పక్కనే పారుతున్నా చాలా గ్రామాలు బావుల మీద ఆధారపడి బతికిన నేల ఇది.

యంత్ర నిర్మాణానికి సంబంధించిన సాంకేతిక సమాచారం, ప్రాంత చరిత్ర, ఈ వ్యాసకర్త పెరిగిన పరిసరాల్లో వినిపించిన వ్యవహార పదాలు ఇక్కడ ఆధారాలు. పదాల విషయంలో ఇది సర్వే కాదు. సర్వే జరగవలసిన అవసరాన్ని గుర్తుచేసే ప్రయత్నం మాత్రమే.

3. మోట నుంచి ఇంజన్‌కు:
ఆయిల్ ఇంజన్‌కు ముందు బావి నీటిని పైకి తెచ్చినది మోట. ఎద్దుల జత, తోలు తొండం, మోకు, గిరక, వాలుగా తవ్విన ఎద్దుల బాట దాని అంగాలు. మోట పాడైతే బాగుచేసేవారు ఊళ్లోనే ఉండేవారు. తోలు పని మాదిగలది, కర్ర పని వడ్రంగిది, ఇనుప పని కమ్మరిది. ఈ పనికి ప్రతిఫలం చాలావరకు పంట చేతికి వచ్చినప్పుడు కొలిచే ధాన్యం రూపంలో ఉండేది. ఆ సంబంధంలో కుల వివక్ష, వెట్టి భాగంగా ఉన్నాయి కాబట్టి దాన్ని ఆదర్శంగా చూపలేం. అయితే మరమ్మతు జ్ఞానం ఊరి పొలిమేర దాటలేదన్నది గమనించవలసిన విషయం.

ఇంజన్ ప్రయాణం వేరు. హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువర్ట్ 1890లో ఇంగ్లండులో పేటెంటు పొందిన ఇంజన్, రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలో విజయవంతంగా నడిపిన ఇంజన్ ఈ జాతికి మూలపురుషులు. ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణంలో లిస్టర్ కంపెనీ 1929 ప్రాంతంలో తెచ్చిన నిమిషానికి ఆరువందల చుట్ల నెమ్మది ఇంజన్ వ్యవసాయంలో గొప్ప పేరు పొందింది. దాని నమూనాలను తరవాత గుజరాత్‌లోని రాజ్‌కోట్ కార్ఖానాలు పెద్దఎత్తున తయారుచేశాయి. లక్ష్మణరావు కిర్లోస్కర్ 1910లో ఔంధ్ సంస్థానంలో కిర్లోస్కర్‌వాడీని నెలకొల్పి ఇనుప నాగళ్లు, చెరకు గానుగలు తయారుచేయించారు. ఆ కుటుంబమే 1946లో పూణేలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ సంస్థను స్థాపించింది. గద్వాల, వనపర్తి సంస్థానాల వంటి ఒక చిన్న సంస్థానంలో మొదలైన పరిశ్రమ నుంచే దక్కన్ బావులకు ఇంజన్ వచ్చిందన్నది ఆసక్తికరమైన అంశం.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1969లో 14 బ్యాంకులు జాతీయం కావడంతో వ్యవసాయ యంత్రాలకు అప్పు దొరికే దారులు విస్తరించాయి. కరెంటు తీగ చేరని పొలానికి ఇంజన్ చేరగలిగింది. అది గ్రామీణ విద్యుదీకరణకు ముందటి దశ మాత్రమే కాదు, కరెంటు వచ్చిన తరవాత కూడా కోతల కాలంలో రైతు నమ్ముకున్న తోడు.

4. వాల్వు ఎందుకు పోతుంది?
ఈ ప్రాంతంలో సుపరిచితమైన కిర్లోస్కర్ ఏవీ-1 నమూనాను ఉదాహరణగా తీసుకుందాం. ఒకే సిలిండరు, నీటితో చల్లబడే ఇంజన్ అది. సిలిండరు వ్యాసం 80 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 110 మిల్లీమీటర్లు. నిమిషానికి 1500 చుట్ల వద్ద 5 హార్స్‌పవర్ ఇస్తుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి ఒక్కో వాల్వు తెరుచుకుంటుంది. అంటే నిమిషానికి 750 సార్లు, గంటకు 45,000 సార్లు. ఎనిమిది గంటలు నీరు పారితే 3,60,000 సార్లు. నిమిషానికి 650 చుట్ల లిస్టర్ తరహా ఇంజన్‌లో ఈ సంఖ్య గంటకు 19,500 మాత్రమే. పాత నెమ్మది ఇంజన్ దీర్ఘాయువు వెనుక ఉన్న కారణాల్లో ఈ లెక్క ఒకటి.

గాలిని లోపలికి తీసుకునే వాల్వుకు ప్రతిసారీ చల్లగాలి తగులుతుంది. పొగను బయటికి వదిలే వాల్వుకు ఆ ఊరట లేదు. అది తన వేడిని సీటుకు ఆనినప్పుడే హెడ్డులోకి వదిలిపెట్టగలదు. సీటు మీద మసి పేరుకున్నా, రాకరుకూ వాల్వు కాడకూ మధ్య ఉండవలసిన సందు తగ్గిపోయినా వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆ సన్నని ఖాళీలోంచి దూసుకుపోయే మంట అంచును కొరికేస్తుంది. దీన్నే వాల్వు కాలడం అంటారు.

ఇందుకు స్థానిక కారణాలు కూడా ఉన్నాయి. ఇంజన్‌ను చల్లబరచడానికి చాలాచోట్ల పంపు తోడిన నీటినే ఒక పాయగా హెడ్డులోంచి పంపేవారు. బావి నీటిలోని సున్నపు లవణాలు, ఒండ్రు హెడ్డు లోపలి దారుల్లో గారగా పేరుకుంటాయి. నీరు బయటికి పారుతున్నట్టే కనిపిస్తుంది, కానీ వాల్వు చుట్టూ వేడి తగ్గదు. చెలక దుమ్ము గాలి వడపోతను దాటి వస్తే వాల్వు కాడ, గైడు రెండూ అరుగుతాయి. గైడు వదులైతే వాల్వు ఒకవైపు ఒరిగి సీటు మీద సమంగా కూర్చోదు. నేల, నీరు, గాలి మూడూ ఆ చిన్న లోహపు బిళ్ల మీద తమ ముద్ర వేస్తాయి.

అంతకంటే పెద్ద ప్రమాదం స్ప్రింగు విరిగినప్పుడో, కాడను పట్టి ఉంచే లాకులు జారినప్పుడో జరుగుతుంది. ఏవీ-1లో పిస్టన్ పైకొచ్చేసరికి మిగిలే ఖాళీ సుమారు 36 ఘన సెంటీమీటర్లే. 16.5 రెట్లు గాలిని నొక్కే ఇంజన్‌లో విడిపడిన వాల్వుకు తప్పుకునే చోటు ఉండదు. అది పిస్టన్ తల మీద దెబ్బ కొడుతుంది, కొన్నిసార్లు తల ఊడి సిలిండరులో పడుతుంది.

5. పరిశీలన, పునర్నిర్మాణం:
వ్యాసకర్త బాల్యంలో తాతగారి బావి వద్ద జరిగిన ఒక సంఘటన ఇక్కడ ప్రస్తావించదగినది. యాసంగి పల్లి ఊడలు దిగే దశలో ఇంజన్ పెద్ద చప్పుడుతో ఆగిపోయింది. ఊడలు భూమిలోకి దిగే సమయంలో తడి లేకపోతే కాయ పట్టదు. తాతగారు హ్యాండిల్ వేసి మళ్లీ తిప్పబోయారు. కబురు అందుకొని సైకిలు మీద వచ్చిన మెకానిక్ దూరం నుంచే కేకవేశాడు: "తిప్పకుండ్రి పెద్దయ్యా, హెడ్డు దించితేనే తెలుస్తది." ఆ మాటలో మరమ్మతు శాస్త్రపు మొదటి సూత్రం ఉంది. లోపల విరిగిన ముక్క ఉంటే ప్రతి చుట్టూ నష్టాన్ని పెంచుతుంది. నీరు కావాలన్న ఆత్రాన్ని ఆపడమే ఆ క్షణంలో మెకానిక్ చేసిన మొదటి పని.

ఆ తరవాతి పరిశీలనకు ఒక క్రమం ఉంటుంది. నీటిని, డీజిల్ గొట్టాన్ని విప్పి, రాకరు తీసి, పుష్‌రాడ్‌లను బల్లపరుపు మీద దొర్లించి వంగాయేమో చూస్తారు. హెడ్డు దించాక వాల్వు తల, సీటు, పిస్టన్ పైభాగం, లైనరు గోడ వరసగా పరిశీలిస్తారు. వాల్వు అంచు ఒకచోట మాత్రమే కొరికినట్టుంటే అది కాలినది. కాడ వంగి, పిస్టన్ మీద చంద్రవంక గుర్తు పడితే అది పిస్టన్‌కు తగిలినది. తల విరిగి ఉంటే ముక్కలన్నీ లెక్క తేలేదాకా పని ముందుకు సాగకూడదు. దెబ్బ బలంగా ఉంటే కనెక్టింగ్ రాడ్ నిటారుగా ఉందా, బేరింగు నలిగిందా, అడుగు నూనెలో లోహపు రజను చేరిందా అని చూడాలి. ఏది పోయిందో తెలుసుకోవడం సగం పని. ఎందుకు పోయిందో తెలుసుకోవడం మిగిలిన సగం. గారను తొలగించకుండా కొత్త వాల్వు వేస్తే అది కూడా అదే దారిన పోతుంది.

పునర్నిర్మాణంలో అరిగిన గైడు మార్చడం, సీటును కట్టరుతో సరిచేయడం, కొత్త వాల్వును రుద్దడం ప్రధానమైనవి. ముందు గరుకు ముద్ద, తరవాత మెత్తని ముద్ద పూసి, పీల్చిపట్టే కర్రతో వాల్వును రెండు అరచేతుల మధ్య కవ్వంలా అటూ ఇటూ తిప్పుతారు. అంచు చుట్టూ తెగని బూడిదరంగు వలయం కనిపించేదాకా ఈ పని సాగుతుంది. ఆ వలయం మరీ వెడల్పైతే మసి నిలుస్తుంది, మరీ సన్నమైతే వేడి దిగదు. అందుకే ఎక్కువ రుద్దడం కూడా తప్పే. తరవాత వాల్వులు బిగించి, హెడ్డును తిరగేసి కిరోసిన్ పోసి చూస్తారు. చుక్క దిగకపోతే వాల్వు కూర్చున్నట్టు.

హెడ్డు ఎక్కించేటప్పుడు పిస్టన్‌కూ హెడ్డుకూ మధ్య ఎడం సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి సీసపు తీగ ముక్కను మధ్యలో ఉంచి ఇంజన్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పుతారు. నలిగిన తీగ మందమే ఆ ఎడానికి కొలత. నట్లను ఒకేసారి కాక, ఎదురెదురుగా, విడతలవారీగా బిగించాలి. చివరగా, రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో రాకరు సందును కొలపట్టీతో సరిచేస్తారు. కొంతసేపు తక్కువ బరువు మీద నడిపి, చల్లారాక నట్లనూ సందునూ మరోసారి చూసేదాకా పని పూర్తయినట్టు కాదు. తాతగారి ఇంజన్ మూడోనాటి సాయంత్రం మళ్లీ పలికింది. పొలంలో పై మడులు దక్కాయి, చివరి మడులు దక్కలేదు. మరమ్మతులో ప్రతి గంటకూ పంట విలువ ఉంటుందనడానికి ఇంతకంటే వివరణ అక్కరలేదు.

6. మరమ్మతు భాష:
మెకానిక్ షెడ్డులో వినిపించే తెలుగును మూడు పొరలుగా చూడవచ్చు. మొదటిది ఇంజన్‌తోపాటు వచ్చిన ఆంగ్ల పదాల పొర. వాల్వు, హెడ్డు, నట్టు, బోల్టు, లేతు వంటివి తెలుగు ప్రథమా విభక్తిని తొడుక్కొని పూర్తిగా దేశీయమయ్యాయి. రెండవది తెలంగాణకు సహజమైన ఉర్దూ పొర. పానా, పేచు, కార్ఖానా, మరమ్మతు ఇందుకు ఉదాహరణలు.

మూడవ పొర అన్నిటికంటే విలువైనది. అందులో నామవాచకం పరభాషదైనా క్రియ తెలుగుదే. ఇంజన్ ఆయిల్ తాగుతుంది, పొగ కొడుతుంది. దానికి గాలి పడుతుంది, దమ్ము తగ్గుతుంది. పిస్టన్ పట్టేస్తుంది, వాల్వు కూర్చుంటుంది. పరాయి యంత్రం లోపాలను రైతు తన శరీరానికీ తన ఎద్దుకూ వాడే క్రియలతోనే అర్థం చేసుకున్నాడు. ఇవి అలంకారాలు కావు, రోగనిర్ధారణ పదాలు. 'దమ్ము లేదు' అన్న మాట విన్న మెకానిక్ రింగులనో వాల్వులనో అనుమానిస్తాడు. 'గాలి పట్టింది' అంటే డీజిల్ గొట్టం విప్పి గాలి తీస్తాడు. ఒక్కో క్రియ ఒక్కో పరీక్షకు దారి చూపుతుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తి పదకోశం తెలుగు వృత్తి పదాల సేకరణకు పునాది వేసింది. ఆ కాలానికి వ్యవసాయ పదజాలమంటే ప్రధానంగా నాగలి, బండి, మోటల చుట్టూ అల్లుకున్నది. ఆ తరవాతి అర్ధశతాబ్దంలో రైతు నోట పుట్టిన యంత్ర పదజాలాన్ని అదే శ్రద్ధతో సేకరించడం మన బాధ్యత. 'అసలు తెలుగు' కాదన్న చిన్నచూపుతో దీన్ని వదిలేస్తే, ఒక తరం తన పనిని ఏ మాటల్లో ఆలోచించిందో తెలియకుండా పోతుంది.

7. పాలిటెక్నిక్, షెడ్డు:
వనపర్తి సంస్థానాధీశుల రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ కళాశాల ప్రారంభమైంది. రాజదర్బారు తరగతి గది కావడం ఈ ప్రాంత ఆధునికతకు బలమైన గుర్తు. అదే కాలంలో మరో విద్యాలయం సంత వీధుల్లో, బస్టాండు పక్క రేకుల షెడ్లలో రూపుదిద్దుకుంది. దానికి పాఠ్యపుస్తకం లేదు, పట్టా లేదు. పానాలు అందించే పిల్లవాడు కొన్నేళ్లకు హెడ్డు దించే మెకానిక్ అయ్యేవాడు. చెవితో చప్పుడు, వేలితో అరుగుదల, ముక్కుతో కాలిన నూనె గుర్తించడం అతని చదువు. ఈ రెంటినీ ఎదురుబొదురుగా నిలపడం సరికాదు. కొలపట్టీ, పట్టిక ఒకచోటి నుంచి, చేతివాటం మరోచోటి నుంచి వచ్చాయి. అయితే మొదటిదానికి రికార్డులు మిగిలాయి, రెండవదానికి మనుషుల జ్ఞాపకాలే ఆధారం.

మరమ్మతు షెడ్డుకు మారడంతో సామాజిక సంబంధం కూడా మారింది. ధాన్యం కొలత పోయి నగదు వచ్చింది. కులవృత్తిగా కాక నేర్చుకున్న పనిగా మరమ్మతు నిలబడే అవకాశం ఏర్పడింది. దానితోపాటే విడిభాగం కోసం పట్టణానికి పరుగు, దుకాణంలో అరువు, పంట మీద తీర్చే బాకీ కూడా వచ్చాయి. మోట తొండం చిరిగితే రైతు ఊళ్లో ఒక మనిషి కోసం ఎదురుచూసేవాడు. వాల్వు విరిగితే దూరంలోని కార్ఖానా తయారుచేసిన వస్తువు కోసం ఎదురుచూడవలసి వచ్చింది.

8. రెండు బోర్లు:
సిలిండరు గోడ అరిగిపోతే 'ఇంజన్ బోరుకు వచ్చింది' అంటారు. బావి ఎండిపోతే 'బోరు వేయించాలి' అంటారు. ఒకే ఆంగ్ల పదం రైతు జీవితంలో రెండు అర్థాలతో ప్రవేశించింది. మొదటి బోరును లేతు మీద సరిచేయవచ్చు. రెండవ బోరు ఆయిల్ ఇంజన్ చరిత్రనే మలుపు తిప్పింది.

గట్టు మీద ఉండే పంపు నీటిని నిజానికి లాగదు. అది గొట్టంలో గాలిని తగ్గిస్తే బయటి వాతావరణ పీడనం నీటిని పైకి నెడుతుంది. ఆ పీడనం మోయగల నీటి ఎత్తు సిద్ధాంతరీత్యా సుమారు 10.3 మీటర్లు, ఆచరణలో 6, 7 మీటర్లు. నీటిమట్టం అంతకంటే దిగితే ఇంజన్‌నే కిందికి దింపాలి. బావి గోడలో గద్దె చెక్కి, తాళ్లతో ఇంజన్‌ను దించి నడపడం ఈ దశలోనిదే. ఇరుకైన బావిలో వేడి, పొగ పెరిగి మనిషికీ యంత్రానికీ ప్రమాదమే. చివరకు నీరు ఆ గద్దెకు కూడా అందనంత లోతుకు పోయినప్పుడు, గొట్టపు బావిలో మునిగి కింది నుంచి నీటిని నెట్టే సబ్‌మెర్సిబుల్ మోటరు తప్పనిసరైంది. కాబట్టి ఆయిల్ ఇంజన్‌ను ఓడించింది కేవలం కరెంటు సౌకర్యం కాదు, దిగిపోయిన నీరు కూడా.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు, తెలంగాణ ఏర్పడ్డాక 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా ఈ మార్పును స్థిరపరిచాయి. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి పథకాలు కృష్ణా నీటిని కొత్త పొలాలకు చేర్చాయి. 'వాల్వు కాలింది' అన్న మాట స్థానంలో 'మోటరు కాలింది' అన్న మాట వచ్చింది. హెడ్డు దించే షెడ్డు పక్కనే తీగ చుట్టే వైండింగ్ దుకాణం వెలిసింది. మందు పిచికారీ యంత్రం, కలుపు కోసే యంత్రం, పవర్ టిల్లరు వంటి చిన్న ఇంజన్లు చేలలోకి వచ్చాక, వాల్వు సందు చూడగలిగిన పాత చేతులకు కొంత పని మిగిలింది. పరిమాణం తగ్గినా వాల్వు సూత్రం మారలేదు.

9. ముగింపు:
ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. పాలమూరులో ఆయిల్ ఇంజన్ మోటకూ మోటరుకూ మధ్య వచ్చిన తాత్కాలిక దశ మాత్రమే కాదు. మరమ్మతు జ్ఞానం ఊరి నుంచి పట్టణానికి, ధాన్యం నుంచి నగదుకు మారిన సంధికాలానికి అది సాక్షి.

2. వాల్వు వైఫల్యానికి సాంకేతిక కారణాలతోపాటు ఈ నేల దుమ్ము, ఈ బావుల నీటి స్వభావం కూడా కారణాలు. యంత్ర చరిత్రను స్థానిక పర్యావరణం నుంచి విడదీసి రాయలేం.

3. మెకానిక్‌ల భాషలో పరభాషా నామవాచకాలు, తెలుగు క్రియలు కలిసి ఒక రోగనిర్ధారణ పదజాలాన్ని నిర్మించాయి. ఇది వృత్తి పదకోశాల్లో చేరవలసిన సంపద.

4. గట్టు మీది పంపుకు ఉన్న భౌతిక పరిమితి, తగ్గిన భూగర్భజలం కలిసి ఆయిల్ ఇంజన్ శకాన్ని ముగింపుకు తెచ్చాయి.

దేశమంతటా ఆనకట్టల పనులకు వెళ్లిన 'పాలమూరు లేబర్' చెమటను సాహిత్యం కొంతైనా గుర్తించింది. ఊళ్లోనే ఉండి, ఇంజన్లను మళ్లీ మళ్లీ బతికించి, కొన్ని మడుల పంటనైనా నిలబెట్టిన చేతులు ఇంకా గుర్తింపుకు నోచుకోలేదు. ఆ పని నేర్చిన తరంలో చాలామంది ఇప్పుడు వృద్ధులు. మన కళాశాలల తెలుగు, చరిత్ర శాఖల విద్యార్థులు తమ ఊరి పాత మెకానిక్ దగ్గర ఒక పూట కూర్చొని, ఆయన మాటలను ఆయన ఉచ్చారణలోనే నమోదు చేస్తే సురవరం వేసిన బాట మరికొంత దూరం సాగుతుంది.